అడ్డం లేని రాజ్యం

ఊర్ధ్వగిరి రాజ్యంలో అడ్డం అనే మాట లేదు. పూర్వం ఉండేది. ఉత్తుంగసేన మహారాజు పట్టాభిషేకం నాడు దాన్ని తీసేశారు.

ఆనాడు మహారాజు ఏనుగు అంబారీ ఎక్కి, శంఖాలూ కాహళాలూ మోగుతుండగా కొండ శిఖరం మీది కోటకు ఊరేగుతుంటే ఒక గాడిద తోవకు అడ్డంగా నిలబడింది. మావటివాడు అదిలించాడు. సేనాపతి కత్తి దూశాడు. పురోహితుడు శాంతిమంత్రం చదివాడు. గాడిద చెవులు మాత్రం కదిపింది. ఈలోగా ముహూర్తం దాటిపోయింది. ఆ కడుపుమంటతో మహారాజు సింహాసనం మీద కూర్చుంటూనే, ఇకమీదట తన రాజ్యంలో తనకు అడ్డంగా ఏదీ ఉండకూడదని శాసించాడు. గాడిదలు ఆ శాసనాన్ని ఈనాటికీ పట్టించుకోలేదు. మంత్రులు పట్టించుకున్నారు.

రాజుకంటే ఎక్కువ రాజభక్తి ఉన్నవాళ్ళతోనే ఏ దేశానికైనా ప్రమాదం. వాళ్ళు ముందు శిఖరానికి సూటిగా ఎక్కని తోవలన్నీ పూడ్పించారు. తలుపులకు అడ్డగడియలు ఊడదీయించారు, దొంగలు సంతోషించారు. మంచాలన్నీ తల కొండవైపు, కాళ్ళు లోయవైపు వేయించారు. తెల్లవారేసరికి జనం జారి జారి గుమ్మం దగ్గర తేలేవాళ్ళు. అడ్డపంచె కట్టడం నేరమైంది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు నిలువాకులయ్యాయి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు తాగడమైతే మానలేదు గాని, దాన్ని లోపొగ అనడం నేర్చుకున్నారు.

చివరికి శాసనం పొలాల మీద పడింది. ఊర్ధ్వగిరిలో చాప పరుచుకుందామన్నా బల్లపరుపు నేల దొరకదు, పంటంతా కొండవాలులోనే. వాలుకు అడ్డంగా నాగలి నడిస్తే రాజుగారి ముందు అడ్డగీత గీసినట్టే గనుక, చాళ్ళన్నీ లోయ నుంచి శిఖరానికి నిలువుగా, మహారాజు పాదాలవైపు చూస్తూ ఉండాలన్నారు. కోట బురుజు మీద నుంచి చూడ్డానికి అందంగానే ఉండేది, వానలు వచ్చేదాకా. వాన పడగానే ప్రతి చాలూ ఒక కాలువై, కొండ మీది మెత్తని మన్నంతా దిగువనున్న నిమ్నావతి రాజ్యానికి పోయేది. నిలువుదోపిడి అంటే అదే. ఆ ఒండ్రుతో గాదెలు నింపుకునే నిమ్నావతి రాజు ఏటా పట్టుశాలువా పంపించి, ఉత్తుంగసేనుణ్ణి భూదాన చక్రవర్తి అని పొగిడేవాడు. ఆ బిరుదు దేనికిచ్చారో ఈయన అడగలేదు.

మన్ను ఏమైపోతోందని జనం గొణగడం మొదలుపెట్టారు. దానికొక సంజాయిషీ కావలసివచ్చింది. సంజాయిషీ కావలసిన చోటికి మాంత్రికుడు తనంత తానే వస్తాడు. ధూమజిహ్వుడు అలాగే వచ్చాడు. ఒంటికి పులితోలు, మెడలో పుర్రెల దండ, నోరు తెరిస్తే మాటకంటే ముందు పొగ. కొండ కడుపులో మన్నుమింగి అనే రాక్షసి ఉందనీ, ఎవరో అడ్డం తలచిన పాపానికే అది నేలను మింగుతోందనీ, అలాంటి ద్రోహిని ఏటా తొలివానకు దానికి ఆహారంగా వేస్తే శాంతిస్తుందనీ చెప్పాడు. తూర్పువాలులో, పొలాల దిగువన, నూతిలాంటి లోతైన గొయ్యి తవ్వించాడు. ఏటా ఒక ద్రోహిని అందులోకి దించేవాళ్ళు. వాన వెలిశాక చూస్తే ఎముక కూడా మిగిలేది కాదు. మన్ను మాత్రం ఏటా పోతూనే ఉంది.

ఈ ఏడు గోతిలో ఉన్నవాడు సోపానపురం యువరాజు మిహిరుడు.

సోపానపురమూ కొండల రాజ్యమే. కాని అక్కడి కొండలకు మెట్లుంటాయి, ప్రతి మెట్టు మీదా పైరుంటుంది. దేశాటనకు బయల్దేరిన మిహిరుడు ఊర్ధ్వగిరి చాళ్ళు చూసి నోరు మూసుకుని తన దారిన తాను పోవలసింది. ఆ గుణం అతనికి ఉగ్గుపాలతో అబ్బలేదు. మూడు కర్రలు కట్టి, రాయి వేలాడదీసి, ఎవరిదో చేనులో వాలుకు అడ్డంగా గీత గీస్తూ, ఇలా దున్నుకోండర్రా అని చెప్పాడు. గీత పూర్తయ్యేలోగా భటులు వచ్చారు.

కబురు తెలియగానే అతని అక్క తరళ గుర్రపుతోక వెంట్రుకలతో గడ్డం చేసుకుని, తుమ్మజిగురుతో అంటించుకుని బయల్దేరింది. దారిలో ఆమె మాయలేళ్ళ వనమూ మొసళ్ళ రేవూ దాటిన వైనం వేరే కథ. ఈ రాజ్యంతో పోలిస్తే మొసళ్ళు నయం, వాటికి ఏం కావాలో తెలుసు. కోట సింహద్వారం దగ్గర ఆమె, ఊర్ధ్వరేఖానంద సిద్ధులవారు వేంచేశారని బొంగురు గొంతుతో చెప్పింది. పేరు నిలువుగా ఉందని ముచ్చటపడి కావలివాళ్ళు సాష్టాంగపడబోయారు. తీరా పడితే ఎటువైపు పడతామోనని భయం వేసి ఆగిపోయారు.

సభామండపం చూసి తీరవలసిందే. పాలరాతి నేల, పగడాల దిమ్మెలు, గంధపుచెక్క స్తంభాలు. వైడూర్యాల తోరణాలను మాత్రం గుమ్మాలకు కట్టకుండా కొసన పట్టుకుని తాళ్ళలాగా నిలువుగా వేలాడదీశారు. మంత్రులు పక్కపక్కన కూర్చుంటే వరస అడ్డమవుతుంది గనుక ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. మహారాజు మాట ముందున్నవాడికే వినపడుతుంది. అతను వెనక్కి తిరిగి రెండోవాడికి చెబుతాడు, వాడు మూడోవాడికి. కిందటేడు కొండపక్క పల్లెకు విత్తనానికి వరి ఇమ్మన్న ఆజ్ఞ చివరి మంత్రికి చేరేసరికి ఉరి అయింది. ఆజ్ఞ ఆజ్ఞే కనుక అమలు చేసి వచ్చారు.

ఆ సమయానికి ధూమజిహ్వుడు సింహాసనం పక్కన కాక, వెనక నిలబడి, నైరుతిన మబ్బు పుట్టిందనీ, తొలివాన దగ్గరపడిందనీ, మన్నుమింగి ఆకలి మీద ఉందనీ విన్నవిస్తున్నాడు. తరళ లెక్క వేసుకుంది. తమ్ముడికి మిగిలింది ఆ మబ్బు కొండ ఎక్కేదాకా ఉన్న కొద్దిరోజులే. ఆమె గడ్డం సర్దుకుని సింహాసనం ముందుకు నడిచింది.

“మహాప్రభూ, తమ కొండను రాక్షసి మింగడం లేదు. ఈ నేల తమ భక్తురాలు. తమకు ప్రదక్షిణం చెయ్యాలని బయల్దేరుతోంది. చుట్టూ తిరగడానికి దారి లేక జారి పడిపోతోంది.”

మహారాజు కళ్ళు చెమ్మగిల్లాయి.

“పాపం, మాకెవరూ చెప్పలేదే” అన్నాడు.

చాళ్ళన్నీ కొండ చుట్టూ తిరిగేలా వేస్తే, గట్లన్నీ అలాగే తిప్పితే, భూదేవి ఏలినవారికి నిత్యప్రదక్షిణం చేసుకుంటూ ఇక్కడే ఉండిపోతుందని తరళ విన్నవించింది. ధూమజిహ్వుడికి గుట్టు తెలిసిపోయింది. అది ప్రదక్షిణం కాదు ప్రభూ, అది అడ్డ... అంటూ ఎగిరిపడ్డాడు. సగంలో నాలుక కరుచుకున్నాడు. ఆ మాట పూర్తిచేస్తే గోతిలోకి పోయేది తనే. నోటి నిండా పొగ మింగి, దగ్గి, తమ చిత్తం అన్నాడు.

ఉత్తుంగసేనుడు పందెం కట్టాడు. తొలివానకు తూర్పువాలులో మన్ను నిలిస్తే గోతిలోని ఖైదీ సిద్ధుడి సొత్తు. నిలవకపోతే ఖైదీ వెంట సిద్ధుడూ రాక్షసి నోట్లోకే.

మర్నాటి నుంచి ఊర్ధ్వగిరిలో భక్తి పొంగి పొర్లింది. తరళ రెండు పొడుగు కర్రలను తలలు కలిపి కట్టి, కాళ్ళు ఎడం చేసి, నడుముకు ఒక పొట్టి కర్ర బిగించి, తల నుంచి దారంతో ఒక రాయి వేలాడదీసింది. దారం నడుముకర్ర నట్టనడుమ నిలిచిందంటే రెండు కాళ్ళూ ఒకే మట్టాన ఉన్నట్టు. అలా కాలు మార్చి కాలు వేస్తూ నడిపిస్తే కొండ చుట్టూ ఎగుడుదిగుడు లేని గీత వస్తుంది. ఆ గీత వెంట గట్టు వేస్తే నీరు పరుగు మాని, నిలబడి, నేలలోకి ఇంకుతుంది. సోపానపురంలో పిల్లలు దాంతో ఆడుకుంటారు. ఇక్కడ ఆ నడుముకర్ర అసలు పేరు పలికితే తల పోతుంది. అందుకని మూడు కర్రలకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, త్రిపాదస్వామి అని పేరు పెట్టింది. నడుముకర్రకు ఎర్రదారం చుట్టి, స్వామివారి మొలతాడు అంది. అందరూ కళ్ళకద్దుకున్నారు.

త్రిపాదస్వామిని మోసే భాగ్యం తనదంటే తనదని సేనాపతీ ప్రధానమంత్రీ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. వెనక మేళతాళాలు, ఆ వెనక గడ్డపారలు, తట్టలు. గట్టు గట్టునా వట్టివేరు దుబ్బులు నాటించింది. దాని వేరు మనిషి లోతున దిగి మన్నును పట్టుకుంటుంది. స్వామివారికి సుగంధం అని చెప్పింది. గట్లకు ఎగువన కందీ అవిసే వరసలుగా వేయించింది. కోసిన కొమ్మా రెమ్మా ఎండుటాకూ చాళ్ళ మధ్య పరిపించి, భూదేవికి వస్త్రం అంది. వాన చినుకు నేరుగా నేల మీద పడి మన్ను రేపకూడదని ఆమె బాధ. చీర కట్టని దేవతను చూస్తే కళ్ళు పోతాయని వాళ్ళ భయం. ఏదైతేనేం, చారెడు నేల కూడా బోసిగా మిగల్లేదు.

తూర్పువాలులో అన్నిటికంటే పై మడి కొర్రమ్మది. కండలు తిరిగిన చేతులు, చేతిలో ఎప్పుడూ గునపం, నోట్లో చుట్ట. నిప్పు లోపలే ఉంటుంది గనుక గాలికీ వానకూ ఆరదు. ఆమె నోటి మాటకూ అదే గుణం. ప్రదక్షిణపు గట్టు ముందు వేసింది నేనే, నా తరవాతే సేనాపతి అని ఊరందరికీ చెప్పుకుంది. ఒక మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని సిద్ధుణ్ణి ఎగాదిగా చూసింది.

“అయితే గడ్డం సామీ, మొన్నటిదాకా తల తీసీ పని ఇయ్యాల మొక్కు తీర్సీ పనైపోనాది. కొండదే, నాగలదే. మారినదేటి?”

“పేరు” అంది తరళ.

కొర్రమ్మ చుట్ట గట్టిగా పీల్చింది.

“మా మావకి పేరు మార్సడం తెల్దు. అడ్డమైతే అడ్డమే అనీసినాడు. గోతిలో దించీసినారు. బూడిద సేసుకుందామంటే ఎముకైనా ఇయ్యలేదు నాకు.”

ఆ నిషిద్ధపు మాట ఆమె గొంతు దించి అంది, మొగుడి పేరు పలికినట్టు. తరళ కళ్ళు దిగువనున్న గోతివైపు పోయాయి. తమ్ముడు అందులోనే ఉన్నాడు, పైకి చూస్తే వాడికి గుండ్రటి ఆకాశం ముక్క మాత్రం కనిపిస్తుంది.

తరళ ఒక పని మాత్రం గట్టిగా చెప్పింది. పైగట్టుకు ఉత్తరాన, రాతివాగు అంచున, ఒక ఎద్దు పట్టేంత సందు వదలాలి. అది అలుగు. నేల తాగలేనంత వాన వస్తే ఎక్కువైన నీరు ఆ సందులోంచి రాళ్ళ మీదికి పోతుంది. అలుగు లేని గట్టు నిండితే తెగుతుంది. పైగట్టు తెగితే కింది గట్లన్నీ తెగుతాయి. అవన్నీ తెగితే నీరూ బురదా కలిసి పోయేది తిన్నగా గోతిలోకే. అందరూ విన్నారు, అందరూ తలలూపారు. పని అయిపోయిందని ఆమె ఊపిరి పీల్చుకుంది.

ధూమజిహ్వుడు ఊరుకుంటే మాంత్రికుడెలా అవుతాడు? కోట వెనక గుహలో హోమం వెలిగించి, కాకి ఈకలూ పాము కుబుసమూ వేల్చి, నైరుతిన నిదానంగా నడిచివస్తున్న మబ్బును జుట్టు పట్టి ఈడ్చాడు. మిట్టమధ్యాహ్నం ఆకాశం కాటుకలా కమ్ముకుంది. మెరుపులు బుసకొడుతూ శిఖరం చుట్టూ మెలికలు తిరిగాయి. ఏనుగుల మంద బెదిరి పరుగెత్తినట్టు ఉరుము కొండ ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లింది. ఆ తర్వాత వాన. చినుకులు కావవి, ధారలు. ఊర్ధ్వగిరిలో వాన ఒక్కటే ఏ శాసనం లేకుండా నిలువుగా పడుతుంది.

మహారాజు బురుజు మీద శ్వేతచ్ఛత్రం కింద నిలబడి చూస్తున్నాడు. ఏటా ఈ వేళకు వాలంతా ఎర్రగా కరిగి జారిపోయేది. ఈసారి మొదటి గట్టు దగ్గర నీరు ఆగింది. ఆకుల కింద నేల గుటకలు వేస్తూ తాగింది. జనం కేరింతలు కొట్టారు. తరళ మాత్రం పైగట్టు వెంట ఉత్తరానికి నడిచి, సందు ఉండవలసిన చోట నిలబడిపోయింది.

సందు లేదు. దాన్ని రాళ్ళతో, మట్టితో, వట్టివేళ్ళతో ముచ్చటగా మూసేశారు. దాని మీద మహారాజు పాదాలు చెక్కిన నల్లరాతి పలక నిలబెట్టి, పూలు పెట్టి, ముగ్గు కూడా వేశారు. ముగ్గు కొట్టుకుపోయింది. పాదాలు చెక్కుచెదరలేదు.

ఎవరు మూశారని ఆమె అరిచింది. కొర్రమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చి, నేనే అంది, ఇంత మంచి పనికి మెచ్చుకుంటావనుకుంటే అరుస్తావేమిటన్నట్టు.

“కొదవ పెదచ్చినం సేత్తే కీడు కాదేటి సామీ? పెదచ్చినం అన్నది నీవే. సుట్టూ తిరిగొచ్చి కలిపీవరకూ అది పెదచ్చినమేటి? నాలుగడుగులు మిగిలిపోనాయని నేనే పూడిసినాను. రాజుగారు సంతోసించి పాదాలు పెట్టించినారు.”

తరళకు అర్థమైంది. తన అబద్ధాన్ని వీళ్ళు తనకంటే బాగా నమ్మారు. గట్టు వెనక నీరు మోకాలు దాటి తొడల దాకా వచ్చింది. గట్టు నడుమ ఒకచోట తడి చెమర్చి, బుడబుడమంటోంది. దిగువన గోతి నోరు నల్లగా తెరుచుకుని ఉంది. ఆమెకు భయం వేసింది, మొసళ్ళ రేవులో కూడా వెయ్యని భయం.

గునపం ఇలా ఇమ్మంది. కొర్రమ్మ ఒకసారి రాజుగారి పాదాలకేసి, ఒకసారి చెమరుస్తున్న గట్టుకేసి చూసింది. గట్టు వెనక ఉన్నది ఆమె చేను. గునపం ఇవ్వలేదు, తానే ఎత్తి పలక కింద గుచ్చింది. తరళ రెండో పక్క భుజం పెట్టింది.

బురుజు మీద నుంచి హాహాకారాలు లేచాయి. భటులు కత్తులు దూసి పరుగెత్తుకొచ్చారు గాని, దగ్గరికొచ్చి తికమకపడ్డారు. ఆపాలంటే వాళ్ళకు అడ్డం నిలబడాలి. అడ్డం నిలబడితే గొయ్యి. అందుకని అందరూ వెనక వరసగా నిలబడి, ఆగండి ఆగండి అని బతిమాలారు. ఈలోగా పలక ఒరిగింది. రాజుగారి పాదాలు తిరగబడ్డాయి. ఆగిన నీరంతా ఒక్క హుంకారంతో సందులోంచి దూకి, పొలాల్ని వదిలి, రాతివాగులోకి పడింది. చెమర్చిన గట్టు నిలిచింది. కింది గట్లు నిలిచాయి. తరళ బురదలో కూలబడి ఏడ్చింది. వానలో ఎవరికీ తెలియలేదు.

నిలవనివాడు ధూమజిహ్వుడొక్కడే. హోమం ముగించుకుని, ఏ పని మీదో గోనెసంచీ భుజాన వేసుకుని అతను రాతివాగు వెంట దొంగలాగా దిగుతున్నాడు. నీరు వెనక నుంచి వచ్చి ఎత్తుకుపోయి, దిగువన రెండు బండల మధ్య ఇరికించింది. తల ఒక బండకు, కాళ్ళు ఇంకో బండకు. అందరూ చూశారు. మాంత్రికుడు అడ్డంగా దొరికిపోయాడు.

కాని ఆ సంగతి చెప్పడమెలా? మహారాజు ఏమైందని అడిగితే ముందు మంత్రి రెండోవాడికేసి చూశాడు, రెండోవాడు మూడోవాడికేసి. చివరికి ఒకడు తెగించి, గురువుగారు నిలువుగానే దొరికారు ప్రభూ, కాస్త పడుకుని ఉన్నారంతే అన్నాడు. ఎలా దొరికాడో చెప్పలేనివాళ్ళు అక్కడెందుకున్నాడని అడగలేరు. లేవదీయగానే ధూమజిహ్వుడు పొగకు బదులు నీళ్ళు కక్కి, తాను మన్నుమింగితో ద్వంద్వయుద్ధం చేసి దాన్ని ఓడించబోతుండగా ఈ సిద్ధుడు ఏలినవారి పాదాలు పెళ్ళగించి రాక్షసిని రక్షించాడని విన్నవించాడు.

ఉత్తుంగసేనుడు గొప్ప న్యాయమూర్తి. మన్ను నిలిచిన మాట నిజం, కనుక ఖైదీ సిద్ధుడివాడే, పైకి తీయండి అన్నాడు. పాదాలు తవ్విన మాటా నిజం, కనుక సిద్ధుణ్ణి కిందికి దించండి అన్నాడు. “మేము మాట తప్పం. రెండు మాటలూ నిలబెట్టుకుంటాం” అని మీసం నిలువుగా దువ్వాడు. వాన తగ్గి సన్నటి తుంపర మిగిలింది.

గోతి మీద గిలక, గిలక మీద మోకు, మోకుకు ఈ కొసనా ఆ కొసనా ఒక్కో గంప. ఒక గంప దిగితే ఒకటి లేస్తుంది. ఏటా వాడే సరంజామానే. తరళను పైగంపలో కూర్చోబెట్టి వదిలారు. చీకటి అంచెలంచెలుగా మీదికి వచ్చింది. సగం లోతులో రెండో గంప ఎదురొచ్చింది. చిక్కిపోయి, గడ్డం మాసి, మిహిరుడు. నోరు మాత్రం చిక్కలేదు.

“అలుగు లేకుండా గట్టు కట్టిన మహానుభావులు తమరేనా సామీ? ఆ హోరంతా నాకు వినబడింది” అని మొదలుపెట్టాడు. అంతలో అతని కళ్ళు చీకటిలో ఆమె ముఖం మీద నిలిచాయి. గొంతు మారింది.

“అక్కా, నీ గడ్డం అడ్డం తిరిగింది.”

తుమ్మజిగురు వానకు కరిగి, గుర్రపుతోక చెవి దాకా జారి ఉంది. తరళకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతని గంప లేస్తోంది, ఆమెది దిగుతోంది. మిహిరుడు చెయ్యి చాపి ఆమె గంప అంచు పట్టుకున్నాడు. వేళ్ళు జారుతున్నాయి. సరిగ్గా అప్పుడే పైన పెళ్ళుమని చప్పుడైంది. గిలక బిగిసిపోయింది, గంపలు రెండూ ఊగి నిలిచిపోయాయి.

“అడ్డమే ఎట్టినాను” అని పైన కొర్రమ్మ గొంతు. ఈసారి దించి అనలేదు. “గిలక్కి గునపం అడ్డమెట్టినాను. ఏటి సేత్తారో సెయ్యండి.”

ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆమె చేసిన నేరం రాజుకు విన్నవించాలంటే ఆ మాట పలకాలి. ముందు మంత్రి రెండోవాడికేసి చూడడం మొదలుపెట్టాడు.

కింద గంపలు రెండూ ఒకే మట్టాన నిలిచాయి, త్రిపాదస్వామి కాళ్ళలాగా. మిహిరుడు గబగబా చెప్పాడు. రోజూ తను అడుగున పడుకుని చూస్తుంటే, గోడ సగం ఎత్తున వేలాడే వేళ్ళ వెనక దీపం వెలిగి ఆరేదట. అందనంత ఎత్తు. ఇప్పుడది పక్కనే ఉంది. తరళ చెయ్యి చాపి వేళ్ళు తప్పించింది. రాతివాగు బురదనీటి వాసనతో చల్లటి గాలి ముఖాన కొట్టింది. ధూమజిహ్వుడు గోనెసంచీతో ఎక్కడికి దిగుతున్నాడో ఆమెకు తెలిసిపోయింది. సొరంగం నోటి దగ్గరే చుట్టి పెట్టిన తాళ్ళనిచ్చెన, తడిమన్నులో అడుగుజాడలు, ఒకదాని మీద ఒకటి, పాతవీ కొత్తవీ. అన్నీ లోపలికి పోయినవే.

“కొర్రమ్మా” అని ఆమె తన అసలు గొంతుతో అరిచింది. “మీ వాళ్ళనెవరూ మింగలేదు. ఇక్కడ అడుగులున్నాయి. నడిచి వెళ్ళారు కొర్రమ్మా, నడిచి వెళ్ళారు.”

మోకు ఒక్కసారి బరువుగా కుంగింది. కొర్రమ్మ కోక గోచీ పెట్టి, మోకు పట్టుకుని, కొండచిలువ దిగినట్టు జరజరా దిగివచ్చింది. సిద్ధుడి చెవి దగ్గర వేలాడుతున్న గడ్డాన్ని చూసి ఏమీ అడగలేదు. ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని సొరంగంలోకి దూకారు. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

కొర్రమ్మ నోట్లో చుట్టను తిప్పి, నిప్పు బయటికి పెట్టుకుంది. ఆ ఎర్రటి వెలుగులో, ఊర్ధ్వగిరి రాజ్యమంతటా పూడ్చకుండా మిగిలిన ఒకే ఒక్క అడ్డతోవ, మాంత్రికుడి సొంతతోవ, నిమ్నావతి వైపు సాగిపోతూ కనిపించింది.